పెద్ద బండి, అన్న గొర్రు

మే 27, మంగళవారం

బండి దిగింది.

మిట్టమధ్యాహ్నం లారీ వచ్చి మా వీధి మొదట్లో ఆగింది. పలకలు వేసి దించేసరికి ఊళ్ళో సగం మంది అక్కడే ఉన్నారు. యాభై హార్స్ పవర్ ట్రాక్టర్. వెనక చక్రం నా భుజం దాకా వస్తోంది. మినుము తీసిన రోజుల్లో అన్నా నేనూ గట్టు మీద కూర్చుని ఖాయం చేసుకున్న బండి ఇది. సగం అన్నది, సగం నాది. రంగు దగ్గర మాత్రం పేచీ వచ్చింది. నేను నీలం అన్నాను, అన్న ఎరుపు అన్నాడు. ఎర్రదే వచ్చింది.

చూడ్డానికి అన్న లేడు. మట్టల ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, చొక్కా గుండీలు విప్పుకుంటూ మంచం మీద కూర్చున్నవాడు అలాగే పక్కకి ఒరిగిపోయాడు. గుండె అన్నారు. ఈస్టర్ పండక్కి ఇంట్లో పొయ్యి వెలగలేదు.

పాస్టరుగారు వచ్చి బండి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. తెరేసమ్మ వదిన కళ్ళు మూసుకుని ఆమెన్ అంది. కళ్ళు తెరిచిన వెంటనే అడిగిన మాట ఇది:

"మన గొర్రు దీనికి తగులుద్దా ఆరోనూ?"

తగులుతుందన్నాను. తగలకేం.

మే 28, బుధవారం

తగల్లేదు.

పొద్దున్నే బండిని అన్న దొడ్లోకి తీసుకెళ్ళాను. రేకుల షెడ్డులో ఉన్న గొర్రు దగ్గరికి వెనక్కి నడిపి, దిగి చూస్తే నవ్వొచ్చింది. ఆంబోతు మెడకి మేకపిల్ల పలుపు కట్టబోతున్నట్టుంది. అది నేల దున్నడానికి అన్న పాత చిన్న బండికి చేయించుకున్న గొర్రు, ఐదు పళ్ళది. ఆ బండి ఇంజను నిరుడే చేతులెత్తేసింది. గొర్రు మాత్రం గట్టిగానే ఉంది. దాని పిన్ను నా బొటనవేలంత. కొత్త బండి వెనక పనిముట్లు తగిలించే లింకు బెజ్జంలో పెడితే గిలక్కాయలా ఆడుతోంది. రెండు లింకుల మధ్య ఎడం కూడా ఎక్కువే. ఒక పక్క దూర్చితే రెండో పక్క బెత్తెడు పైనే తేడా ఉంది.

వదిన మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడి చూసింది.

"మీ అన్నయితే ఈపాటికి రెండు బూతులు తిట్టి తగిలించేవాడు" అంది.

"ఎందుకు వదినా తిప్పలు? రోటవేటర్ అద్దెకి తెచ్చి నేనే తోలి పెడతాగా నీ చేను."

"నీ తీరిక చూసుకుని తోలతావు. నా చేను అదును చూసుకుని కాదు." మజ్జిగ నా చేతికిచ్చింది. "ఈ ఏడు నారు పోయకుండా వడ్లు చేలోనే వెద పెడదామనుకుంటున్నా. ఊడుపు కూలీల కోసం ఇల్లిల్లూ తిరగలేను. కాలవ వదిలేలోపు రెండుసార్లు దుక్కి పడితే చాలు. నేనే తోలుకుంటా."

"ఏం తోలుకుంటావు?"

"బండి."

"ఇది చిన్న బండి కాదు వదినా."

"చూస్తున్నాగా."

వదిన చిన్న బండి తోలేది, నిజమే. అన్న గట్టు మీద అన్నం తింటుంటే ఆ కాస్సేపూ దుక్కి ఆగకుండా తను ఎక్కేది. కానీ దానికీ దీనికీ పోలికేంటి?

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా వదిన ఈ ఇంటికి వచ్చింది. అమ్మ అప్పటికే లేదు. నాకు స్కూలు క్యారేజీ కట్టింది తనే, పదిలో లెక్కలు తప్పితే అన్న చేతి బెత్తానికి అడ్డం నిలబడిందీ తనే. పిల్లలు లేని ఇంట్లో నేనే పిల్లాణ్ణి. అంతటి మనిషిని అంత బండి ఎక్కించి నేను గట్టు మీద కూర్చోనా?

గొర్రు సంగతి చూడాలి. తొందరేం లేదు.

మే 30, శుక్రవారం

అన్న షెడ్డు ఊడ్చాను. పాత బోల్టులు సైజు వారీగా డబ్బాల్లో పోశాను.

జూన్ 2, సోమవారం

విజయవాడ వెళ్ళాను. పటమటలో బస్సు దిగి ఆటోనగర్ లోపలికి నడిచాను. బాబ్జాన్ భాయ్ లేతు షాపు అన్నకి పాత అలవాటు. నన్ను చూసి లేతు ఆపకుండానే అడిగాడు.

"ఏంటండీ ఆరోన్ గారూ, ఒక్కరే వచ్చారు? లాజరు గారు టీ కొట్టు దగ్గర ఆగారా?"

చెప్పాను. అంతవరకూ ఎంతో మందికి చెప్పాను కానీ, అన్న టీ తాగుతున్నాడనుకున్న మనిషికి చెప్పడం కష్టమైంది. ఆయన లేతు కట్టేశాడు. "ఇన్నాలిల్లా" అని గొణుక్కుని, చేతులు గుడ్డకి తుడుచుకుని, నా పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. కాసేపు ఇద్దరం రోడ్డు మీద పోయే లారీలు చూశాం.

తర్వాత కొలతలు అడిగాడు. కాగితం ఇచ్చాను.

"బుష్‌లు తిప్పిస్తానండీ. పిన్ను మీద బుష్ తొడిగితే లావెక్కి బెజ్జం నిండుద్ది, ఆట పోద్ది. కానీ ఎడం సంగతి బుష్ తీర్చదు. పిన్నులు రెండూ బయటికి జరగాలి. పాత ప్లేట్లు కోసేసి కొత్తవి అతకాలి. గొర్రు తీసుకొచ్చెయ్యండి, ఒక్క పూట పని."

"కోయకుండా కుదరదా?"

"లింకుల్ని గొలుసులతో లోపలికి బిగించుకోవచ్చు. దొడ్లో నిలబెట్టుకోడానికైతే బానే ఉంటది. చేలో ఊగుద్ది."

చూద్దామన్నాను. కింది లింకులకి రెండు, పై లింకుకి ఒకటి, బుష్‌లు మూడూ ఆయనే స్వయంగా తిప్పి ఇచ్చాడు. డబ్బు తీసుకోనన్నాడు. లాజరు గారి పేరున అన్నాడు.

జూన్ 4, బుధవారం

బుష్‌లు తొడిగాను. అచ్చం సరిపోయాయి.

కుడి పక్కది కాస్త వదులేమో అనిపించింది. అనిపించిందంటే వదులే. విప్పేశాను.

జూన్ 7, శనివారం

లింకుల్ని గొలుసులతో లోపలికి బిగించి చూశాను. గొర్రు తగిలింది. దొడ్లోనే పైకెత్తి, దించాను. ఎత్తినప్పుడు ఊగింది. బాబ్జాన్ భాయ్ చెప్పినట్టే. ఊగే గొర్రుతో చాలు వంకర పోతుంది. ఇంకో సంగతి కూడా కనిపెట్టాను. బండి చక్రాలు గొర్రుకి రెండు పక్కలా బయటికి ఉన్నాయి. అంటే పళ్ళు మధ్యలో దున్నుకుంటూ పోతాయి, చక్రాలు తొక్కిన గాడి మాత్రం అణిగి గట్టిపడి అలాగే మిగిలిపోతుంది. ఇవన్నీ ఆలోచించాలి. తొందరపడి చేసే పని కాదు.

విప్పేశాను.

వదిన భోజనం పెట్టింది. గోంగూర, వేయించిన ఎండు రొయ్యలు. అన్న పీట మీద కూర్చోబోయి ఆగాను. వదిన చూసింది.

"కూర్చో."

కూర్చోలేదు. చాప మీద తిన్నాను.

జూన్ 8, ఆదివారం

ఆరాధన అయ్యాక అటు వెళ్ళి పై లింకు పొడవు కొలిచి వచ్చాను.

జూన్ 10, మంగళవారం

మళ్ళీ కొలిచాను.

జూన్ 12, గురువారం

వదిన తాళం చెవి అడిగింది. గొర్రు లేకుండానే దొడ్లో బండిని ముందుకీ వెనక్కీ నడిపి చూస్తానంది.

ఇంట్లో మర్చిపోయానన్నాను.

తాళం చెవి నా మొలతాడుకే ఉంది. వంగినప్పుడు చొక్కా కింద నుంచి కనపడే ఉంటుంది. వదిన లోపలికి వెళ్ళి టీ పెట్టింది.

నా భయం నాది. ఉన్న ఒక్క మనిషికి ఏమన్నా అయితే అన్నకి ఏం చెప్పను?

జూన్ 13, శుక్రవారం

మా ఆవిడ కృప పొయ్యి దగ్గర నుంచే మొదలుపెట్టింది.

"మన చేను దున్నించారా?"

"నీకు తెలీదా? మొన్నే అయిందిగా."

"దేంతో?"

"అద్దె రోటవేటర్ తెచ్చి మన బండికి తగిలించా."

"అది తగలడానికి ఎంతసేపు పట్టింది?"

ఈవిడ లాయరు కావాల్సింది. 

"బుష్‌లు సరిపోయి ఎన్నాళ్ళో అయిందంట. మీరు పొద్దున బిగించి సాయంత్రం విప్పుతున్నారంట. అక్క చెప్పింది."

"నీతో చాడీలు చెప్పిందా?"

"చాడీలు కాదు, దిగులు. 'ఆరోన్ రోజూ వస్తాడు కృపా, ఆయన షెడ్డులో ఆయన పనిముట్లు పట్టుకుని తిరుగుతుంటే నాకూ బానే ఉంటది, అందుకే ఊరుకుంటున్నా' అంది." కృప గరిటె కింద పెట్టింది. "ఆ గొర్రు తగిలిందంటే ఇంక మీకు అక్కడ పనుండదు. అదే కదండీ మీ బాధ?"

నాకు కోపం వచ్చింది. లేచి బయటికి వచ్చేశాను. చదువుకున్న ఆడవాళ్ళతో ఇదే గొడవ. ప్రతిదానికీ ఒక అర్థం తీస్తారు. చక్రాల గాడి సంగతి తనకేం తెలుసు?

జూన్ 14, శనివారం

కృపతో మాట్లాడలేదు. చేపల పులుసు బాగుంది. బాగుందని చెప్పలేదు.

జూన్ 16, సోమవారం

పటమట నుంచి వదిన వాళ్ళ అక్క అమలమ్మ గారు వచ్చారు. మంచి మనిషి. చెల్లెలి కోసం మామిడిపళ్ళు, దుప్పటి, కొత్త చెప్పులు తెచ్చారు. వాళ్ళ మేడ మీద గది ఖాళీగా ఉందట. చర్చి కూడా పక్క వీధిలోనేనట.

"ఒక్కతివీ ఇక్కడెందుకే? చేను వెంకటప్పయ్య గారు కౌలుకి అడుగుతున్నారంటగా. ఇచ్చేసి నా దగ్గరికి వచ్చెయ్. పొద్దున లేస్తే మాట్లాడ్డానికి ఒక మనిషైనా ఉంటది."

వదిన పళ్ళు కోస్తూ తల ఎత్తకుండానే చెప్పింది. "గొర్రు కుదిరితే నేనే చేసుకుంటా అక్కా. కుదరకపోతే వచ్చేస్తా. కాలవ వదిలి చేలో నీళ్ళు పడితే వెద ఎట్టాగూ పోద్ది. అప్పుడు కౌలే."

"ఏమయ్యా ఆరోనూ, కుదురుద్దా?" అన్నారు అమలమ్మ గారు.

వదిన తల ఎత్తి నా వైపు చూసింది. అడిగినట్టు లేదు ఆ చూపు. నేనేం చెబితే అది వినడానికి సిద్ధపడి ఉన్నట్టుంది.

"చూస్తున్నానండీ" అన్నాను.

ఇంటికొచ్చాక కృప అడిగింది, ఏమన్నారని. చెప్పాను. తను గిన్నెలు తోముకోడానికి వెళ్ళింది. ఏదన్నా అంటే బాగుండేది.

జూన్ 17, మంగళవారం

పొద్దున్నుంచీ వాన. పెద్దగా కాదు, నేల నానేంత. ఇది ఆరితే దుక్కికి సరైన పదును.

కాలవ ఎప్పుడు వదులుతారో అని అందరూ ఒకటే మాట.

నేను షెడ్డుకి వెళ్ళలేదు. వదిన లేని ఆ దొడ్డి ఎలా ఉంటుందోనని ఊహించబోయి మానుకున్నాను. తలుపుకి తాళం ఉంటుంది. అంతే కదా. అంతే.

జూన్ 19, గురువారం

ఇవాళ జరిగింది మొత్తం రాయాలి.

పొద్దున వెళ్ళేసరికి అన్న గుమ్మం ముందు ట్రక్కు ఆటో ఉంది. పక్కింటి వాళ్ళు గొర్రును ఎత్తి అందులో పెడుతున్నారు. వదిన కొంగు నడుముకి దోపుకుని ఒక కొస పట్టింది.

"ఏంటి వదినా ఇది?"

"బాబ్జాన్ భాయ్ దగ్గరికి. నువ్వొస్తే రా, రాకపోతే నేనే పోతా. దారి తెలుసు నాకు."

వెళ్ళకేం చేస్తాను. డ్రైవర్ పక్కన ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. పామర్రు, ఉయ్యూరు దాటాం. కంకిపాడు దాటాక వదిన సంచిలోంచి ఇడ్లీ పొట్లం తీసి సగం నాకిచ్చింది.

బాబ్జాన్ భాయ్ వదినకి నమస్కారం పెట్టి, స్టూలు తుడిచి వేశాడు. గొర్రును దింపి, చుట్టూ తిరిగి చూసి, సుద్దముక్కతో గీతలు గీశాడు. ఈ రెండు ప్లేట్లూ కోసెయ్యాలి. కొత్త ప్లేట్లు బయటికి జరిపి అతకాలి, వాటికి లావు పిన్నులే వేసేస్తే బుష్‌ల పని కూడా తగ్గుతుంది. చక్రాల గాడి సంగతి నేను చెబితే తల ఊపాడు. ఫ్రేముకి అటూ ఇటూ చెరో ముక్క కలిపి, చెరో పన్ను వేస్తే ఏడు పళ్ళవుతాయి. కొసల్లో ఉండే ఆ రెండు పళ్ళూ గాడి వెనకే వచ్చి దాన్ని కూడా చీలుస్తాయి. బండికి బలం ఉంది కాబట్టి ఏడైనా లాగుతుంది.

గ్రైండరు చేతిలోకి తీసుకున్నాడు. నేను అడ్డం వెళ్ళాను.

"ఆ ప్లేటు ఉంచి, దాని మీదే వెయ్యలేరా? ఆ అతుకు అన్న వేసింది."

"అండీ, దాని మీద వేస్తే ఎత్తు తేడా వస్తది. కోస్తేనే నిలబడుద్ది."

"ఇంకో దారి చూడండి భాయ్."

ఆయన గ్రైండరు కిందికి దించి వదిన వైపు చూశాడు. వదిన లేచి వచ్చింది. గొర్రు పక్కన గొంతుక్కూర్చుని, అన్న వేసిన అతుకు మీద వేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిపింది.

"బాబ్జాన్ భాయ్, నిజం చెప్పండి. ఈ అతుకు ఎట్టా ఉంది?"

ఆయన మొహమాటపడ్డాడు. "లాజరు గారు మంచి రైతండీ."

"అతుకు సంగతి అడుగుతున్నా."

"అతుకు... కోడి కెలికినట్టుందండీ."

వదిన నవ్వింది. గట్టిగానే నవ్వింది. పక్క షాపులో వాళ్ళు తొంగి చూశారు.

"ఆయనకి వెల్డింగు రాదు ఆరోనూ. ఎవరిదో మిషను అడిగి తెచ్చి వేశాడు. రెండు రోజులు కళ్ళు మంటలని పడుకుంటే బంగాళదుంప చెక్కలు పెట్టా కళ్ళ మీద. ప్రతి ఏడూ ఇది ఎక్కడో ఒకచోట ఊడేది. దీన్ని తిట్టని ఏడు లేదు మీ అన్న. నువ్వేమో దీన్ని శిలువలాగా చూస్తున్నావు."

నేను గ్రైండరు వైపే చూస్తున్నాను.

"ఆయన్ని కోస్తున్నట్టు చూడమాక" అంది వదిన, ఈసారి మెల్లగా. "ఆయన్ని మనం పూడ్చిపెట్టాం. నువ్వే కదా ఆయన తల దగ్గర నిలబడింది. ఇది నా చేనుకి పనికి రావాల్సిన గొర్రు."

నేను పక్కకి జరిగాను. బాబ్జాన్ భాయ్ ఇంకో అద్దాల జత నా చేతిలో పెట్టాడు, చూడాలంటే పెట్టుకోండని. పెట్టుకున్నాను. ప్లేటు తెగి కింద పడేదాకా చూశాను.

పని అయ్యేలోపు వదిన పటమటలో వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళి వచ్చింది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. వచ్చేటప్పుడు మా ఇద్దరికీ, బాబ్జాన్ భాయ్‌కీ క్యారేజీలో పులిహోర తెచ్చింది. ఆయన కొత్త అతుకు మీద సుత్తితో కొట్టి పైన పేరుకున్న పెచ్చు రాల్చాడు. కింద నున్నగా, చేప పొలుసుల్లా వరసగా ఉంది.

తిరుగు దారిలో ఉయ్యూరు దగ్గర నా మొలతాడు నుంచి తాళం చెవి విప్పి వదినకిచ్చాను.

"ఇంట్లో మర్చిపోయానన్నావుగా" అంది.

"దొరికింది."

జూన్ 21, శనివారం

తగిలింది.

పిన్నులు రెండు పక్కలా దూరాయి. బుష్ ఒక్క పై లింకుకే పట్టింది. పై లింకు మర తిప్పి పొడవు తగ్గిస్తే గొర్రు సమంగా కూర్చుంది. పైకి ఎత్తితే ఊగలేదు. ఎత్తినప్పుడు వెనక చక్రానికి తగులుతుందేమోనని చెయ్యి పెట్టి చూశాను. చెయ్యి పట్టేంత సందుంది.

విప్పలేదు.

వదిన దొడ్లోనే బండి ఎక్కి ముందుకీ వెనక్కీ నడిపింది. క్లచ్ మీద కాలు అందడానికి సీటు ముందుకి జరపాల్సి వచ్చింది.

జూన్ 23, సోమవారం

పదును కుదిరింది. పొద్దున్నే చేలోకి దిగాం.

మొదటి చాలుకి నేను పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నాను. వదిన గొర్రు దించింది, బండి కదిలింది, నాలుగు బారలు పోయిందో లేదో ఇంజను ఆగిపోయింది. గొర్రు మరీ లోతుకి దిగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేసింది. మలుపు దగ్గర ఒక్కసారిగా ఎత్తేసరికి గొర్రు గాల్లోకి గుర్రంలా లేచింది. చిన్న బండి లిఫ్టు నిదానంగా లేపేది. ఇది అలా కాదు, ఇంత తేలిక గొర్రు దీనికి పుల్లతో సమానం. నేను అరిచాను.

వదిన బండి ఆపింది.

"ఎందుకరుస్తావు? మెల్లగా చెప్పు, వింటా."

చెప్పాను. లిఫ్టు పిడిని ఒకేసారి లాగకుండా కొంచెం కొంచెంగా తేవాలని, లోతు ఎక్కడ ఆపాలో గుర్తు పెట్టుకోవాలని. వింది. ఒకసారి చేసి చూపించింది. తర్వాత అంది,

"ఇంక దిగు."

"ఇంకో రెండు చాళ్ళు..."

"నువ్వు పక్కనుంటే నా కళ్ళు నీ మీదికే పోతున్నాయి. దిగు ఆరోనూ."

దిగాను. గట్టెక్కి నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బండి నా నుంచి దూరంగా పోతోంది. వెనక ఏడు పళ్ళూ నేల చీల్చుకుంటూ పోతున్నాయి, కొంగలు అప్పుడే వచ్చి దిగుతున్నాయి. చేలోకి దిగి చక్రాలు పోయిన చోట చూశాను. గాడి లేదు. కొత్త పళ్ళు దాన్ని కూడా తిరగేశాయి. మట్టి చేతిలోకి తీసుకుంటే చల్లగా ఉంది.

వెంకటప్పయ్య గారు గట్టు మీదుగా వచ్చారు. ఆయనే కౌలుకి అడిగింది. కాసేపు చూశారు.

"ఆడమనిషి చేతికి అంత బండి ఇచ్చావేంటయ్యా?"

"ఇవ్వడానికి నేనెవర్నండీ? సగం బండి ఆవిడదే."

ఆయన ఇంకాసేపు చూశారు. "చాలు వంకర లేదులే" అని వెళ్ళిపోయారు.

అవతలి కొసన వదిన మలుపు తిప్పింది. గొర్రు నిదానంగా లేచింది, నిదానంగా దిగింది. నా కళ్ళలో దుమ్ము పడింది. నేల తడిగానే ఉంది, దుమ్మెక్కడిదో తెలీదు.

జూన్ 24, మంగళవారం

రెండో దుక్కి కూడా వదినే. నేను గట్టు మీదికి అన్నం తీసుకెళ్ళాను. తను దిగి తింటుంటే ఆ కాస్సేపూ నేను ఎక్కి తోలాను.

జూన్ 27, శుక్రవారం

వెద పెట్టాం. కృప కూడా వచ్చింది. చేపల పులుసు బాగుందని ఇవాళ చెప్పాను. ఎప్పటిది అని అడిగింది. అప్పటిదే అన్నాను.

జూలై 2, బుధవారం

కాలవ వదిలారు. రేవులో పిల్లలు ఈత కొడుతున్నారు. వదిన అమలమ్మ గారికి ఫోన్ చేసి, మేడ మీద గది ఎవరికైనా అద్దెకిచ్చుకోమని చెప్పింది. పండగలకి వస్తానంది.

జూలై 6, ఆదివారం

చేలో మొలక బాగుంది. నాకు అటు పనేమీ లేదు. వెళ్ళలేదు.

జూలై 9, బుధవారం

వెళ్ళలేదు.

బండి వదిన దొడ్లోనే ఉంది. నాకు కావాల్సినప్పుడు తెచ్చుకుంటాను. గొర్రు కడిగి నూనె పూసి షెడ్డులో పెట్టిందని కృప చెప్పింది. పనంతా సవ్యంగా ఉంది. సంతోషించాల్సిన విషయం.

జూలై 13, ఆదివారం

ఆరాధన అయ్యి బయటికి వస్తుంటే చెప్పుల దగ్గర వదిన ఆపింది.

"వారం నుంచి కనపడ్డం లేదేం?"

"పనేం లేదుగా వదినా."

"మీ అన్న ఉన్నప్పుడు పనుండే వచ్చేవాడివా?"

నేను చెప్పులు తొడుక్కునేలోపు తను గొడుగు తెరిచి నడిచింది. నేను వెనకే వెళ్ళాను.

ఇంట్లో చేతికి పని లేకుండా ఎలా కూర్చోవాలో కాసేపు తెలియలేదు. షెడ్డు వైపు చూస్తుంటే వదిన దొడ్డి తలుపు దగ్గరికి వేసేసింది. అన్న పీట నా ముందుకి జరిపింది. కూర్చున్నాను. తను గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"నేను ఈ ఇంటికొచ్చేసరికే మీ అన్న మీసాలొచ్చిన మనిషి. చిన్నప్పుడు ఎట్టా ఉండేవాడు? ఎప్పుడడిగినా 'బుద్ధిమంతుణ్ణి' అనేవాడు. నేను నమ్మలా."

ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి తెలియనిది నా దగ్గర ఏముంటుందా అని వెతుక్కున్నాను. ఒకటి దొరికింది. కూచిపూడిలో ఉత్సవాలకి నన్ను సైకిల్ బార్ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు అన్న. అక్కడ ఒకాయన ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి ఆడుతుంటే నోరు తెరుచుకుని చూశాం. మర్నాడు పొద్దున అమ్మ చేలోకి వెళ్ళగానే అన్న వంటింట్లో ఉన్న ఒకే ఒక్క ఇత్తడి పళ్ళెం తెచ్చి దొడ్లో పెట్టాడు. అమ్మ చీర కుచ్చిళ్ళు పోసి కట్టుకున్నాడు. నన్ను డబ్బా మీద తాళం వెయ్యమన్నాడు. రెండు కాళ్ళూ అంచుల మీద పెట్టి నిలబడ్డాడు, చేతులు పైకెత్తాడు, పళ్ళెం ఒక్కసారిగా లేచి ఆయన మొహాన్ని కొట్టింది. ముందు పన్ను విరిగింది.

"ఆ పన్నా!" వదిన చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "ఎద్దు కుమ్మిందని చెప్పాడు నాకు!"

"మా ఇంట్లో ఎద్దు ఎప్పుడుంది వదినా?"

తను నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ ఉంది, కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది, తర్వాత భుజాలు కదలడం చూస్తే అది నవ్వు కాదని తెలిసింది. నేను లేచి వెళ్ళలేదు. దుమ్మనీ అనలేదు. అన్న పీట మీద కూర్చుని, అన్న పోయాక మొదటిసారి, వదిన చూస్తుండగా ఏడ్చాను.

వాన మొదలైంది. ఆలస్యమైందని కృప గొడుగేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. మా ఇద్దరి మొహాలూ చూసి, అడగబోయింది మానుకుంది.

"రా కృపా" అంది వదిన, ముక్కు తుడుచుకుని, చిక్కుడుకాయలు సగం తన వైపు జరుపుతూ. "ఇట్టా కూర్చో. మీ ఆయన ఇంకోటి చెప్పబోతున్నాడు."

చెప్పాను.